పరుగెత్తేది డ్రమ్మర్ ఒక్కడేనా? చిన్న జాజ్ బృందాల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ముగ్గురు, నలుగురు, అయిదుగురు కలిసి జాజ్ వాయించే బృందాల ప్రశ్నలు తీసుకున్నాం. స్కేళ్లు, వేళ్ల వేగం, కార్డుల (కలిపి మోగించే స్వరాల) పేర్ల గురించి అడిగినవి పక్కన పెట్టాం. అవి ఎవరికి వారు ఇంట్లో తలుపేసుకుని తేల్చుకోగలిగేవి. నలుగురూ ఒక గదిలో చేరితే తప్ప తేలని చిక్కులే ఇక్కడున్నాయి.

ప్రశ్న: మాది సాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్ ఉన్న క్వార్టెట్. 160 టెంపోలో (నిమిషానికి 160 బీట్లు) మొదలుపెట్టిన పాట ముగిసేసరికి 180 దాటుతోంది. తప్పంతా డ్రమ్మర్‌దేనని మిగతా ముగ్గురం అంటాం, ఆయన ఒప్పుకోడు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు వాదన ఆపి రికార్డు చేయండి. ఫోన్ చాలు, డ్రమ్స్‌కు కాస్త దూరంగా పెట్టండి. తర్వాత వింటూ, టెంపో కొలిచే యాప్ మీద బీటుకోసారి తట్టి, ప్రతి కోరస్ మొదట్లో ఎంత ఉందో రాసుకోండి. పాట చట్రం మొదటి నుంచి చివరి దాకా ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్. ఆ అంకెలు వరసగా చూస్తే, వేగం అంతటా సమానంగా పెరగలేదని, రెండు మూడు చోట్ల ఒక్కసారిగా ఎగిరిందని చాలాసార్లు తెలుస్తుంది.

ఆ చోట్లలో మొదటిది సోలో చేతులు మారే చోటు. ముగించేవారు ఊపు మీద ముగిస్తారు, అందుకునేవారు ఆ ఊపులోంచే మొదలుపెడతారు. రెండోది శబ్దం పెరిగే చోటు. గట్టిగా వాయించడాన్నీ వేగంగా వాయించడాన్నీ చేతులు ఒకటే అనుకుంటాయి. మూడోది డ్రమ్ ఫిల్, అంటే భాగాల మధ్య ఖాళీని డ్రమ్మర్ నింపే వాయింపు. ఈ మూడింటిలో డ్రమ్మర్ ఒంటరిగా బాధ్యుడయ్యేది ఆఖరిది ఒక్కటే. బేస్ వాయించేవారు ప్రతి స్వరాన్నీ రవ్వంత ముందే మీటుతుంటే, వెనకబడకూడదని డ్రమ్మర్ తోసుకుపోవడం కూడా మామూలే. అప్పుడు పైకి వినిపించేది సింబల్ కాబట్టి నింద దానికే పడుతుంది.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్‌ను (సమాన వేగంతో దెబ్బ వినిపించే పరికరం) 160 మీద కాక 80 మీద పెట్టి, వినిపించే ప్రతి దెబ్బనూ బార్‌లో (నాలుగు బీట్ల చుట్టులో) రెండో, నాలుగో బీట్లుగా తీసుకోండి. దెబ్బ పడగానే పైకి "రెండు", మళ్లీ పడగానే "నాలుగు" అనండి. అది కుదిరాక మధ్యలో "ఒకటి", "మూడు" నింపి, అప్పుడు వాయిద్యాలు అందుకోండి. 12 బార్ల చట్రం ఉండే బ్లూస్ మీద పది నిమిషాలు ఆగకుండా వాయించండి. మధ్యలో దెబ్బ ఒకటి, మూడుల మీదికి వచ్చి కూర్చుందంటే ఎవరో ఒక బీటు మింగేశారని అర్థం. సర్దుకోవాలని చూడకుండా ఆపి, మళ్లీ మొదలెట్టండి. ఇది నిలకడగా వచ్చాక మెట్రోనోమ్‌ను 40కి దించితే బార్‌కు ఒకే దెబ్బ వస్తుంది, దాన్ని నాలుగో బీటు మీద ఉంచాలి. ఇది కష్టం, చిరాకు పుట్టిస్తుంది, అయినా చేయండి. నాలుగు బీట్లకూ దెబ్బ వినిపించేలా పెట్టుకుంటే బృందం దాన్ని ఊతకర్రలా పట్టుకుంటుంది. ఆపగానే మళ్లీ పాత పరుగే.

ఇంకొకటి నిశ్శబ్దంతో చేసే పని. బ్లూస్‌లో మొదటి 8 బార్లు అందరూ వాయించి, చివరి 4 బార్లు అందరూ ఆపేయాలి. కాలు కూడా ఆడించకూడదు. తర్వాతి కోరస్ మొదటి బీటు మీద అందరూ కలిసి పడాలి. ఎవరు ముందు పడుతున్నారో అయిదు నిమిషాల్లో వారికే తెలిసిపోతుంది. ఒకరి వైపు వేలు చూపే అవసరం రాదు.

ప్రశ్న: 32 బార్ల పాటల్లో ఎక్కడున్నానో నాకు దారి తప్పుతోంది. ముఖ్యంగా ఎవరైనా ధాటిగా సోలో చేస్తున్నప్పుడు. (పియానిస్ట్)

జవాబు: మీ పాటలు బహుశా ఏ-ఏ-బి-ఏ చట్రంలోవి అయ్యుంటాయి, ఒక్కో భాగం 8 బార్లు. దీనిలో ఒక గోతి ఉంది. కోరస్ చివర ఒక ఏ వస్తుంది, కొత్త కోరస్ మొదట్లో మరో రెండు ఏలు వస్తాయి. అంటే వరసగా మూడు. దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండో ఏ అయ్యిందనుకుని బ్రిడ్జిలోకి, అంటే బి భాగంలోకి దూకేస్తారు, లేదా దూకాల్సిన చోట మరో ఏ వాయిస్తారు. బార్లు లెక్కపెట్టడం దీనికి మందు కాదు. లెక్క పెడుతున్నంతసేపూ పక్కవారిని వినలేరు. సోలో ఎవరిదైనా సరే, మీ లోపల అసలు బాణీ నడుస్తూ ఉండాలి. మొదట్లో గొంతులో సన్నగా పాడుకోండి, నెల తిరిగేసరికి పాడకుండానే నడుస్తుంది.

దారి తప్పినట్టు తెలియగానే చేతులు కీబోర్డు మీంచి తీసేయండి. తడుముకుంటూ కార్డులు వేస్తే మరొకరు కూడా తప్పుతారు. బేస్ వినండి. బ్రిడ్జి రాగానే కార్డుల దారి మారుతుంది, అది చెవికి స్పష్టంగా తెలుస్తుంది, అక్కడ ఎక్కండి. పియానో 8 బార్లు ఆగితే వినేవాళ్లు అది కావాలని చేసినదే అనుకుంటారు.

బృందం తరఫున చేయాల్సినవి రెండు. డ్రమ్మర్ ప్రతి 8 బార్ల చివర చిన్న గుర్తు, కోరస్ చివర కాస్త పెద్ద గుర్తు ఇవ్వాలి. బేస్ ప్రతి భాగం మొదటి బీటు మీద ఆ కార్డు మూలస్వరమే పలకాలి, ఎంత కొత్తగా వాయించాలనిపించినా. ఇద్దరు రెండు చోట్ల ఉంటే ఏం చేయాలన్నది ముందే మాట్లాడుకోండి. మా సలహా: బేస్ ఎక్కడుంటే అదే సరైన చోటు. బేస్‌దే పొరపాటని మీకు గట్టిగా తెలిసినా సరే, వారి వెంటే వెళ్లండి. తప్పయినా నలుగురూ కలిసి చేసింది పాటగా నిలుస్తుంది. ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ అయితే ఎవరిది ఒప్పన్నది లెక్కలోకి రాదు.

ప్రశ్న: మా బృందంలో పియానో, గిటార్ రెండూ ఉన్నాయి. సోలో చేసేవారి వెనక ఇద్దరం కార్డులు వేస్తుంటే గజిబిజిగా ఉంటోంది. విడివిడిగా ఇద్దరం బాగానే వాయిస్తాం. (గిటారిస్ట్)

జవాబు: గజిబిజి రెండు రకాలుగా వస్తుంది. మీది ఏదో ముందు తేల్చుకోండి. మొదటిది లయ గజిబిజి: ఇద్దరూ ఖాళీ చూసి అదే ఖాళీలో కార్డు వేస్తారు. రెండోది స్వరాల గొడవ: జి సెవెన్ కార్డు మీద పియానిస్ట్ తొమ్మిదో స్వరాన్ని మామూలుగా, మీరు అరమెట్టు తగ్గించి వేశారనుకోండి. ఎవరిదీ తప్పు కాదు, కలిస్తే మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది.

అన్నింటికన్నా తేలిక దారి వంతులు వేసుకోవడం. సాక్సోఫోన్ సోలోకి పియానో, ట్రంపెట్ సోలోకి గిటార్. పియానో సోలో చేస్తే గిటార్, గిటార్ సోలో చేస్తే పియానో. ఊరుకున్నవారు నిజంగా ఊరుకోవాలి, "కొద్దిగా" వేయడం కూడా వద్దు. రెండో దారి కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి దశాబ్దాల పాటు చూపించినది. గిటార్ బార్‌కు నాలుగు బీట్లూ పొట్టిగా, మెత్తగా, రెండు మూడు స్వరాలతోనే వాయిస్తుంది. అది బేస్, డ్రమ్స్‌లో కలిసిపోతుంది. ఎడంగా కార్డులు వేసే స్వేచ్ఛ పూర్తిగా పియానోకు మిగులుతుంది. ఆంప్లిఫైయర్ శబ్దం బాగా తగ్గిస్తేనే ఇది పనిచేస్తుంది. వినిపించేంత గట్టిగా ఉంటే రంపం కోసినట్టే.

ఇద్దరూ ఒకేసారి వాయించక తప్పకపోతే, ఒకరు కార్డులో మూడో, ఏడో స్వరాలకే పరిమితం కావాలి. సి మేజర్‌లో చూడండి. డి మైనర్ సెవెన్‌కు ఎఫ్, సి. జి సెవెన్ రాగానే ఎఫ్ అలాగే ఉంటుంది, సి అరమెట్టు దిగి బి అవుతుంది. సి మేజర్ సెవెన్‌కు బి ఉండిపోతుంది, ఎఫ్ దిగి ఈ అవుతుంది. ఒక్కోసారి ఒక్క వేలు మాత్రమే కదులుతుంది. తొమ్మిది, పదమూడు లాంటి రంగులన్నీ రెండోవారికి వదిలేయండి. పియానిస్ట్ గారికి ఇంకో మాట: ఎడమచేత్తో మూలస్వరాలు కింది ఆక్టేవుల్లో కొట్టడం మానేయాలి. ఆ అంతస్తు బేస్‌ది. ఒక్కరే కూర్చుని సాధన చేసిన అలవాటు అది, బృందంలో బురద చేస్తుంది.

ఒకసారి ఇద్దరూ ఆగి ఒక కోరస్ మొత్తం సాక్సోఫోన్, బేస్, డ్రమ్స్‌కే వదిలి చూడండి. సాక్సోఫోనిస్ట్ జెర్రీ మలిగన్, ట్రంపెట్ వాయించే చెట్ బేకర్ 1952లో పియానో లేకుండానే క్వార్టెట్ నడిపారు. కార్డులు ఎవరూ వేయకపోయినా బాణీ, బేస్ కలిసి వాటిని వినిపిస్తాయని ఆ వాయింపు వింటే తెలుస్తుంది. తర్వాత మీరు తిరిగి అందుకున్నప్పుడు ఎంత తక్కువ సరిపోతుందో తెలుస్తుంది.

ప్రశ్న: నాకు వాకింగ్ బేస్ (బీటుకో స్వరం చొప్పున నడిచే వాయింపు) విసుగొస్తోంది. పియానోతో సమానంగా మాట్లాడినట్టు వాయించాలని ఉంది. డ్రమ్మర్ ఏమో "నువ్వు కదిలితే అంతా కదిలిపోతుంది" అంటున్నాడు.

జవాబు: ఇద్దరి మాటా నిజమే. మీ మనసులో ఉన్న నమూనా పియానిస్ట్ బిల్ ఎవాన్స్ ట్రయో అయ్యుంటుంది. స్కాట్ లఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్బులో వాళ్లు వాయించినది రికార్డయింది. ఆ తర్వాత పదకొండు రోజులకే లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ రికార్డింగుల్లో బీటును ఎవరూ బయటికి కొట్టి చూపించరు. అయినా ముగ్గురూ ఒకే చోట ఉంటారు. చూపించకుండా ఉండగలగడం ముగ్గురి లోపలా లయ ఉన్నందువల్లే. మీ ట్రయోలో అది ఉందో లేదో పై జవాబుల్లోని నిశ్శబ్ద సాధన చెప్పేస్తుంది.

ఉంటే, కొంచెం కొంచెంగా వదలండి. మొదటి కోరస్ బార్‌కు రెండు స్వరాలు, ఒకటి, మూడు బీట్ల మీద. రెండోది నాలుగు బీట్ల నడక. మూడో కోరస్‌లో ఒక్కో 8 బార్లలో ఆఖరి రెండు బార్లు మాత్రమే నడక వదిలి, పియానో ఆపిన చోట ఒక పలుకు పలికి, మొదటి బీటు మీద మూలస్వరానికి వచ్చేయండి. ఇది పదిసార్లలో పదిసార్లూ సరిగ్గా దిగాక రెండు బార్లను నాలుగు చేయండి. మీరు వదిలిన చోట డ్రమ్మర్ హై-హ్యాట్‌ను (కాలితో మూసే జంట సింబల్స్‌ను) రెండు, నాలుగు మీద గట్టిగా నిలపాలి. మీరు వదిలారు కదా అని ఆయన కూడా వదిలితే కథ ముగిసినట్టే.

అన్నట్టు, బేస్ సోలో రాగానే మిగతా వాళ్లందరూ ఆపేసి తల దించుకు నిలబడటం చాలా బృందాల్లో ఆచారమైపోయింది. ఒకటి రెండు పాటల్లో బాగుంటుంది, ప్రతి పాటలోనూ కాదు. పియానో బార్‌కు ఒక్క కార్డు పై ఆక్టేవులో, డ్రమ్స్ బ్రష్‌లతో ఉండొచ్చు. అలా ఉంటే సోలో కుంగదు, టెంపో కూడా జారదు.

ప్రశ్న: మా సాక్సోఫోనిస్ట్ సోలో మొదలెడితే ఆపడు. ఎవరికీ చెప్పే ధైర్యం లేదు.

జవాబు: మనిషికి చెప్పకండి, లెక్క చెప్పండి. 160 టెంపోలో 32 బార్ల కోరస్ అంటే 128 బీట్లు, 48 సెకన్లు. అయిదుగురు తలా మూడు కోరస్‌లు తీసుకుంటే సోలోలకే 12 నిమిషాలు. ముందూ వెనకా బాణీ కలిపితే పదమూడున్నర దాటుతుంది. అలాంటి పాటలు నాలుగు వాయిస్తే గంటకు దగ్గరవుతారు. ఈ లెక్క కాగితం మీద పెడితే ప్రతి పాటకూ ఇద్దరే సోలో చేయాలన్న మాట ఎవరో ఒకరి నోట దానంతట అదే వస్తుంది. రిహార్సల్‌లో మాత్రం ఒకే కోరస్ అన్న నియమం పెట్టండి. 48 సెకన్లలో మొదలు, ఎత్తు, ముగింపు పట్టించాల్సి వస్తే, వేళ్లకు అలవాటైన పదాలు వాటంతట అవే రాలిపోతాయి.

ప్రశ్న: బ్లూస్‌లో సోలోయిస్ట్, డ్రమ్స్ నాలుగేసి బార్లు మార్చుకునేటప్పుడు రెండో కోరస్‌లో ఎప్పుడూ ఢీకొంటాం.

జవాబు: 12ను 4తో భాగిస్తే మూడు ముక్కలు వస్తాయి, మీరు ఇద్దరు. మొదటి కోరస్‌లో సోలో, డ్రమ్స్, సోలో అయితే, రెండో కోరస్‌లో డ్రమ్స్, సోలో, డ్రమ్స్. అంటే రెండో కోరస్ తెరిచేది డ్రమ్మర్. 32 బార్ల పాటలో ఈ తిరకాసు లేదు, ప్రతి 8 బార్లలో మొదటి నాలుగు సోలోయిస్ట్‌వి, తర్వాతి నాలుగు డ్రమ్స్‌వి. బ్లూస్‌లో ఎప్పుడూ రెండు కోరస్‌ల జతలుగానే మార్చుకోండి. డ్రమ్మర్ తన నాలుగు బార్లలో ఎడమకాలితో హై-హ్యాట్ వదలకూడదు; మిగతావారు కూడా తమ వంతు లేదని నీళ్లు తాగడానికి వెళ్లకుండా బాణీ లోపల పాడుకుంటూ ఉండాలి.

ప్రశ్న: వారానికి రెండు గంటలు కలుస్తాం. ఆరు నెలలుగా కొత్త పాటలు వస్తున్నాయే గానీ వాయింపు పెరగలేదు.

జవాబు: పాటల జాబితా పెరగడం వేరు, బృందం పెరగడం వేరు. గదిలోకి వచ్చాక కాగితం చూసి స్వరాలు వెతుక్కుంటున్నారంటే ఆ రెండు గంటలు ఇంటి పనికి ఖర్చవుతున్నట్టే. పాటను ముందు వారమే నిర్ణయించుకుని, బాణీ, కార్డులు కంఠతా పట్టుకుని రావాలి. కాగితం ముందుంటే కళ్లు దాని మీదే ఉంటాయి, డ్రమ్మర్ చేతులు కనపడవు.

ఒక నమూనా చెబుతాం, మీకు తగ్గట్టు మార్చుకోండి. తొలి పావుగంట శ్రుతి, ఎఫ్‌లో ఒక బ్లూస్, రెండు-నాలుగు మెట్రోనోమ్‌తో. తర్వాత బేస్, డ్రమ్స్ మాత్రమే పది నిమిషాలు, మిగతావారు వింటారు. డ్రమ్మర్ రైడ్ సింబల్ (లయను నిలకడగా నడిపే పెద్ద సింబల్), హై-హ్యాట్ తప్ప ఏదీ ముట్టకూడదు. బేస్ స్వరం తర్వాతి స్వరం దాకా మోగుతూ ఉండాలి. పొట్టిగా తెగితే లయ గాభరాగా వినిపిస్తుంది. ఆ తర్వాత దాదాపు గంట ఒకే ఒక పాట మీద. 100లో ఒకసారి, 180లో ఒకసారి, ఇంకో శ్రుతిలో ఒకసారి, బాణీ లేకుండా కేవలం వెనక వాయింపు ఒకసారి. నెమ్మదిగా వాయించినప్పుడు స్వింగ్ జతలో (ఒక బీటులో పడే రెండు స్వరాల్లో) మొదటి స్వరం రెండోదానికి ఇంచుమించు రెట్టింపు పొడవు ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ రెండూ సమానం వైపు జరుగుతాయి. దీన్ని అందరూ ఒకేలా వింటున్నారో లేదో 100లోనే బయటపడుతుంది. మిగిలిన సమయం పాత పాటలు రెండు, మధ్యలో ఆపకుండా, రికార్డు చేస్తూ.

రికార్డు వినేటప్పుడు ఒక్క ప్రశ్నే పెట్టుకోండి. ఈ వారం "బేస్ వినిపించని చోట్లు ఎక్కడ?" వచ్చే వారం మరొకటి. ఎవరి వాయిద్యం వాళ్లు వినుకోవడం నిషేధం. ఇది చెప్పినంత తేలిక కాదు.

ప్రశ్న: ముగింపు ఎప్పుడూ చెల్లాచెదురే.

జవాబు: చాలా పాటలకు ఒకే ముగింపు సరిపోతుంది: ఆఖరి 4 బార్లు మూడుసార్లు వాయించి ఆపడం. సి మేజర్‌లో అయితే, మళ్లీ వెనక్కి తిప్పేటప్పుడు ఈ మైనర్, ఏ సెవెన్, డి మైనర్, జి సెవెన్ మీదుగా తిప్పవచ్చు. మూడోసారి ఆఖరి కార్డు నిలబెడతారు. దాన్ని ఎవరు కోస్తారన్నది, అంటే ఎవరి సైగతో ఆపుతారన్నది ముందే తేలాలి, మామూలుగా బాణీ వాయించేవారే. సైగలు కూడా అందరికీ ఒకేలా ఉండాలి: తల తట్టితే బాణీకి తిరిగి రావడం, నాలుగు వేళ్లు చూపిస్తే నాలుగేసి బార్లు మార్చుకోవడం, పిడికిలి ఎత్తితే ఆగడం. సైగ ఆఖరి బార్‌లో కాదు, కోరస్ చివరి 8 బార్లలోకి అడుగుపెట్టగానే ఇవ్వండి. కార్డును పట్టి ఉంచేటప్పుడు డ్రమ్మర్ సింబల్ ఉప్పెనలా పెంచితే మిగతావాళ్లకు కోసే క్షణం వినపడదు.

ప్రశ్న: బ్లూస్ ఎఫ్‌లో అన్నారు. నేను ఆల్టో సాక్సోఫోన్ ఎఫ్‌లో వాయిస్తే తేడా కొట్టింది. పైగా రెండు పాటలయ్యాక శ్రుతి కూడా కలవడం లేదు.

జవాబు: ఒకే స్వరానికి వాయిద్యాన్ని బట్టి పేరు మారుతుంది: పియానో ఎఫ్ అంటే మీకు డి. ట్రంపెట్, టెనర్ సాక్సోఫోన్‌లకు జి. బృందంలో శ్రుతి పేరు ఎప్పుడూ పియానో లెక్కలోనే చెప్పుకోండి, ఎవరిది వారు మార్చుకుంటారు. రెండోదానికి కారణం వేడి. ఊదేకొద్దీ వాయిద్యం వేడెక్కి శ్రుతి పెరుగుతుంది, పియానో ఉన్నచోటే ఉంటుంది. పది నిమిషాలు ఊది వేడెక్కాక శ్రుతి చేసుకోండి, మళ్లీ రెండో పాట తర్వాత సరిచూసుకోండి. పెరిగితే మౌత్‌పీస్‌ను కార్క్ మీద కొంచెం బయటికి లాగాలి, తగ్గితే లోపలికి నెట్టాలి.